మంచినీటి రొయ్యల ఊరి పేర్లను సేకరించే పద్ధతి

అమెరికా వాగుల్లో దొరికే, రొయ్యను పోలిన ఒకే జీవిని ఒక ప్రాంతంలో క్రేఫిష్ అనీ, లూసియానాలో క్రాఫిష్ అనీ, మరికొన్ని చోట్ల క్రాడాడ్ అనీ పిలుస్తారు. అలాంటి పేర్ల పట్టికను నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల్లో తయారుచేయాలనుకునేవారు ముందుగా గుర్తించవలసినది, ఆ జీవి మన దేశపు నీళ్లలో సహజంగా లేదనే సంగతి. మన ఏళ్లలో వెతకవలసినది నీలకంఠ అనే మంచినీటి రొయ్యను. రెండింటినీ కాళ్లను చూసి వేరుచేయవచ్చు: క్రేఫిష్‌కు మొదటి జత కాళ్లు లావైన పటకారులవుతాయి, నీలకంఠ మగరొయ్యకు రెండో జత కాళ్లు సన్నగా, చాలా పొడవుగా, నీలిరంగులో ఉంటాయి.

పేరు అడిగేటప్పుడు మీరు పేరు పలకకూడదు. నెల్లూరులో పీతను ఎండ్రకాయ అని పిలిచే మనిషిని మీరు "పీతను ఏమంటారు?" అని అడిగితే, మర్యాదకైనా ఆయన పీత అనే అంటాడు, దానితో మీ శ్రమ వృథా అవుతుంది. వీలైతే రొయ్యనే, కాకుంటే స్పష్టమైన ఫోటోను చేతికిచ్చి "దీన్ని మీ ఊళ్లో ఏమంటారు?" అని మాత్రమే అడగాలి. వల వేసేవారిని, అంగట్లో అమ్మే ఆడవారిని, ఇంట్లో వండేవారిని విడివిడిగా అడగాలి, ఎందుకంటే పచ్చి రొయ్యకూ, రొయ్యపొట్టుకూ, గుడ్లతో ఉన్న ఆడరొయ్యకూ వేర్వేరు మాటలు ఉండవచ్చు.

నీలకంఠ పిల్లలు పెరగడానికి ఉప్పు కలిసిన నీరు కావాలి, కాస్త ఎదిగాక అవి ఏటికి ఎదురీదుతాయి. కనుక పెన్న మీద సంగం ఆనకట్టకు ఎగువనా దిగువనా, అలాగే గుండ్లకమ్మ ఒడ్డునా అడిగి, పిల్లరొయ్యకూ పెద్దదానికీ వేర్వేరు పేర్లున్నాయేమో కనుక్కోవాలి.

విన్న మాటను విన్నట్టే, బహువచనంతో సహా రాసి, పక్కన చెప్పినవారి వయసు, వృత్తి, ఊరు, మండలం, తేదీ చేర్చండి. జిల్లా పేరు ఒక్కటే చాలదు. 2022లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు మారింది గాని, అక్కడివారి యాస ఆ ఏడాదే మారిపోలేదు కదా! ఒకే ఊళ్లో ఇద్దరు రెండు పేర్లు చెబితే ఏది సరైనదని వారిని అడగకుండా, రెంటినీ వేర్వేరు వరుసల్లో నమోదు చేయండి.