సిబిల్ రిపోర్టులో మీది కాని బకాయి కనిపిస్తే: అభ్యంతరం నమోదు చేసే విధానం

ఇంటి లోన్‌కో బండి లోన్‌కో బ్యాంకుకి వెళ్లినప్పుడు "మీ సిబిల్‌లో (మన అప్పుల చరిత్ర నమోదయ్యే క్రెడిట్ రిపోర్టులో) పాత బకాయి ఉందండీ" అని చెప్పేదాకా చాలామందికి ఆ సంగతే తెలియదు. ఎప్పుడో తీరిపోయిన సెల్‌ఫోన్ ఈఎంఐ కావచ్చు, వాడకుండా వదిలేసిన క్రెడిట్ కార్డు మీద పడ్డ చార్జీలు కావచ్చు, అసలు తీసుకోనే లేని యాప్ లోన్ కూడా కావచ్చు. విశాఖలో ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేసి గాజువాకకి మారినవాళ్లకి పాత చిరునామాకే నోటీసులు వెళ్తుంటాయి. చివరికి రికవరీ ఏజెంట్ ఫోన్ చేస్తేగానీ విషయం బయటపడదు.

ఆ ఏజెంట్ మాటకి టెన్షన్ పడేముందు ఒకటి తెలుసుకోండి. మీ రిపోర్టులో రాయించే అధికారం గానీ, తీయించే అధికారం గానీ అతనికి లేదు. ఆ వివరాలు పంపేది అప్పిచ్చిన బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ. వాళ్లు మొండి బకాయిని అమ్మేసి ఉంటే, కొన్న అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీ పంపుతుంది. అందుకే మీరు ఎన్నడూ వినని కంపెనీ పేరు రిపోర్టులో కనబడొచ్చు. "ఐదు వేలు కట్టండి, సిబిల్ క్లియర్ చేయిస్తా" అని ఏజెంట్ అంటే, అదే మాట కంపెనీ లెటర్‌హెడ్ మీద రాయించి పంపమనండి. చాలాసార్లు సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. రాత్రి 7 దాటాక, ఉదయం 8 లోపు వసూలు కోసం ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది.

మొదట రిపోర్టు తీసుకోండి. ఇలాంటి రిపోర్టులు ఇచ్చే సంస్థ సిబిల్ ఒక్కటే కాదు. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు నాలుగూ ఉచితంగా ఇవ్వాలి. డబ్బు కట్టే ప్లాన్లే ముందు కనిపిస్తాయి, కంగారుపడి కొనకండి. అందులో స్కోరు అంకె కన్నా ఖాతాల వివరాలు ముఖ్యం. ఖాతా నంబరు, తెరిచిన తేదీ, బకాయి మొత్తం, స్టేటస్ చూడండి. అమ్మేసిన అప్పు పాత బ్యాంకు పేరు మీద ఒకసారి, కొన్న కంపెనీ పేరు మీద మరోసారి బకాయిగా ఉంటే అది కూడా అభ్యంతరం పెట్టాల్సిన తప్పే.

స్టేటస్ దగ్గర 'సెటిల్డ్' అని ఉందా, 'క్లోజ్డ్' అని ఉందా అన్నది జాగ్రత్తగా చదవండి. కొంత తగ్గించి కట్టి ముగించుకుంటే సెటిల్డ్ అనే పడుతుంది. అది తప్పు కాదు, అభ్యంతరం పెట్టినా మారదు. పూర్తిగా కట్టినా సెటిల్డ్ అనో రిటెన్ ఆఫ్ (వసూలు కాదని లెక్కల్లో కొట్టేసిన అప్పు) అనో ఉంటేనే మీ కేసు గట్టిది. నిజంగా ఉన్న బకాయిని చెరిపేస్తామని ఫీజు అడిగే వాళ్ల జోలికి మాత్రం పోవద్దు.

ఇక దరఖాస్తు. ఒకే రోజు రెండు చోట్ల పెట్టడం మేలు. సిబిల్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి డిస్ప్యూట్ విభాగంలో ఆ ఖాతాని ఎంచుకుని, ఏ వివరం తప్పో గుర్తించి సబ్మిట్ చేయండి. ఫీజు లేదు. వచ్చిన డిస్ప్యూట్ నంబరు దాచుకోండి. మీ బ్యాంకు ఖాతా లేదా యూపీఐ వివరాలు అడిగితే ఇవ్వండి, ఎందుకో కింద చెప్తాను. అప్పిచ్చిన సంస్థ ఒప్పుకోకుండా సిబిల్ తనంతట తాను దిద్దదు. కాబట్టి ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి కూడా మెయిల్ పెట్టండి. ఇంత రాస్తే చాలు:

"ఫలానా నంబరు లోన్‌ను ఫలానా తేదీన పూర్తిగా చెల్లించాను. నో డ్యూస్ సర్టిఫికెట్, స్టేట్‌మెంట్ జతచేస్తున్నాను. క్రెడిట్ రిపోర్టులో బకాయిగా చూపుతున్నారు. సరిచేసి, నాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు."

అప్పు మీది కాకపోతే లోన్ ఒప్పందం, కేవైసీ పత్రాలు, డబ్బు ఏ ఖాతాలో జమయిందో ఆ వివరం ఇవ్వమని అడగండి. మీ పాన్‌తో ఎవరో తీసుకున్నారని తేలితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేసి ఆ రసీదు కూడా జతచేయండి. కాగితం మీద ఇస్తే, ద్వారకానగర్‌లోని బ్రాంచి అయినా మరొకటైనా, నకలు మీద సీలు, తేదీ వేయించుకోకుండా బయటికి రాకండి. "మేం పైకి పంపిస్తాం లెండి" అన్న మాటకి సాక్ష్యం ఉండదు.

గడువు 30 రోజులు. అందులో అప్పిచ్చిన సంస్థ 21 రోజుల్లో సమాధానం పంపాలి. 30 దాటితే 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి. ఆలస్యం ఎవరిదైతే వాళ్లే కట్టాలి. ఖాతా వివరాలు అడిగేది ఇందుకే. అభ్యంతరాన్ని తిరస్కరిస్తే కారణం చెప్పాలి. 'వెరిఫై చేశాం' అని ఒక్క ముక్కతో సరిపెడితే కారణం అడుగుతూ మళ్లీ రాయండి.

అప్పటికీ తేలకపోతే, లేదా 30 రోజుల్లో జవాబే రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేయొచ్చు. సందేహాలకి 14448కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. 2022 సెప్టెంబరు నుంచి సిబిల్ లాంటి సంస్థలు కూడా ఈ అంబుడ్స్‌మన్ పథకం కిందికి వచ్చాయి. ముందు సంస్థకి రాయకుండా నేరుగా వెళ్తే మాత్రం తిప్పి పంపుతారు. అదే విషయం మీద విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తున్నా తీసుకోరు. రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. డబ్బు ఖర్చు లేదు కాబట్టి ముందు అంబుడ్స్‌మనే నయం అని నా అభిప్రాయం.

సిబిల్‌లో సరిదిద్దాక మిగతా మూడు రిపోర్టులూ మళ్లీ తీసి చూడండి. ఒకదానిలో పోయిన బకాయి మరోదానిలో ఉండిపోతే, అక్కడ కూడా అభ్యంతరం పెట్టాలి.