కాలి రక్తనాళాలు – 4వ పాఠం: బెలూనా, బైపాసా?

పోయిన పాఠంలో చీలమండ బీపీని చేతి బీపీతో భాగించడం నేర్చుకున్నాం. 0.9 కంటే తక్కువొస్తే కాలికి రక్తం చాలడం లేదని లెక్క. ఈసారి సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) రిపోర్టు చదువుదాం. రాయగడ, గుణుపురం వైపు మనవాళ్లు ఇది పట్టుకుని విశాఖ వెళ్తారు. డాక్టరుగారు "స్టెంటా, బైపాసా?" అంటే "మీ ఇష్టమండీ" అనేసి వస్తారు! బెలూన్ అంటే మూసుకున్న చోట చిన్న బుడగ ఉబ్బించి దారి వెడల్పు చేయడం. స్టెంట్ అంటే ఆ దారి మళ్లీ మూసుకోకుండా లోపల పెట్టే జాలీ గొట్టం. బైపాస్ అంటే బ్లాక్‌ను తప్పించి పక్కనుంచి కుట్టే కొత్త రక్తపు దారి.

బ్లాక్ ఎంత శాతమో తర్వాత, ముందు ఎక్కడుందో వెతకండి. బొడ్డు దగ్గర వేలు పెట్టండి. పెద్ద ధమని రెండుగా చీలేది ఇంచుమించు అక్కడే. గజ్జ దాకా ఇలియాక్, గజ్జలో కామన్ ఫెమొరల్, తొడలో సూపర్‌ఫిషియల్ ఫెమొరల్, మోకాలి వెనక పాప్లిటియల్, ఆ కింద మూడు సన్న పాయలు.

ఇలియాక్‌లో చిన్న బ్లాకైతే స్టెంట్ బాగా నిలుస్తుంది. గజ్జలో సాధారణంగా పెట్టరు, కూర్చున్నప్పుడల్లా మడతపడే చోటు కదా. అక్కడ ధమనిని తెరిచి, పేరుకున్న కొవ్వు పొరను ఒలిచేసి, అతుకేసి కుడతారు. అదే ఎండార్టరెక్టమీ.

తొడ పొడవునా మూసుకుపోతే బైపాస్ మాట వస్తుంది. 1948లో పారిస్‌లో కున్లిన్ అనే సర్జన్ రోగి కాలిలోని సొంత సిరతోనే ఈ ఆపరేషన్ చేశాడు. ఇప్పటికీ సిరే మేలు, ముఖ్యంగా మోకాలు దాటి కుట్టాల్సి వస్తే. అక్కడ కృత్రిమ గొట్టం తొందరగా పూడిపోతుంది. సిరలో కవాటాలు రక్తాన్ని పైకే వదులుతాయి కాబట్టి దాన్ని తలకిందులుగా తిప్పి కుడతారు, లేదా కవాటాలు కోసేస్తారు. గుండె బైపాస్‌కి ఆ సిర తీసేసి ఉన్నా, వెరికోస్ (ఉబ్బిన సిరల) ఆపరేషన్ అయి ఉన్నా ముందే చెప్పాలి.

రిపోర్టులో "రన్ఆఫ్" అన్న మాట వదలకండి. "టూ వెసెల్ రన్ఆఫ్" అంటే పిక్కలోని మూడు పాయల్లో రెండు పారుతున్నాయని. వంశధార మీద వంతెన కట్టినా అవతలి ఒడ్డున గట్టి నేల కావాలి కదా.

పుండు మానని కాళ్ల మీద 2022లో వచ్చిన బెస్ట్-సీఎల్‌ఐ పరిశోధనలో మంచి సిర ఉన్నవాళ్లకు బైపాస్ మెరుగైంది. మోకాలి కింది బ్లాకులకు 2023 నాటి బాసిల్-2లో బెలూన్ పద్ధతి మెరుగైంది. అందరికీ ఒకటే చెప్పేవాళ్లతో జాగ్రత్త. నడిస్తే పిక్క పట్టేయడం ఒక్కటే బాధైతే ముందు నడక సాధన, మందులు. చుట్ట, బీడీ, గుడాకు ఎలాగూ మానాల్సిందే.

కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, వేళ్లు కదలకపోతే మాత్రం ఈ పాఠం పక్కన పడేసి వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తండి. చేతిలో ఉండేది సుమారు 6 గంటలే.

అభ్యాసం: కాగితం మీద కాలి బొమ్మ గీసి, రిపోర్టులో "ఆక్లూజన్" (పూర్తిగా మూసుకుపోవడం) అన్న ప్రతి చోటా సున్నా చుట్టండి.