పాట భావం పట్టుకోవడం ఎలా? తాత్పర్యం దగ్గరే ఆగిపోకుండా

బళ్ళో పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం రాసిన అలవాటు మనందరికీ ఉంది. పాట దగ్గరా అదే చేస్తాం: కష్టమైన మాటలకు అర్థాలు చూసి, మొత్తాన్ని రెండు వాక్యాల్లో చెప్పేసి, పాట అర్థమైందనుకుంటాం. సినిమా పాటకు అది సగం పనే. ఆ మాటను ఎవరు, ఎవరితో, ఏ పరిస్థితిలో అంటున్నారన్నది మిగతా సగం. భావం ఎక్కువగా ఈ రెండో సగంలోనే ఉంటుంది.

ముందు సరైన పాఠం సంపాదించాలి. నెట్‌లో దొరికే లిరిక్స్‌లో చాలా వరకు ఎవరో విని టైపు చేసినవే. ఒత్తులు పోతాయి, పదాలు తప్పుచోట విరుగుతాయి. ‘నీకన్నా’ అని ఉండాల్సిన చోట ‘నీ కన్న’ అని పడితే పోలిక కాస్తా కన్నపేగు అవుతుంది. రెండు మూడు చోట్ల పోల్చి చూసుకోండి. తేడా వచ్చిన లైనును పాటలో పది సెకన్ల ముక్కగా పెట్టి, హెడ్‌ఫోన్స్‌తో మళ్ళీ వినండి. పాత సినిమా అయితే అప్పట్లో హాళ్ళ దగ్గర అమ్మిన పాటల పుస్తకం దొరుకుతుందేమో చూడండి, సాధారణంగా దాన్నే ఎక్కువ నమ్మొచ్చు.

తర్వాత పాటను చేత్తో రాసుకోండి. ఒక్కో పాదం కింద రెండు గీతలు ఖాళీగా వదలండి. మొదటి గీతలో సంధులు విడదీయండి. రెండో గీతలో మాటలను మామూలుగా మాట్లాడే వరుసలో పెట్టండి, అంటే అన్వయం రాయండి. క్రియ ఏది, కర్త ఎవరు, ఎవరిని ఉద్దేశించి అన్నారు అన్న మూడూ ఆ గీతలో కనిపించాలి. కర్త దొరకని పాదం పక్కన ప్రశ్నగుర్తు పెట్టుకుని ముందుకు వెళ్ళండి. తెలియని మాటలకు ఆంధ్రభారతి సైటు చాలు, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌన్ నిఘంటువు ఒకేచోట వెతకొచ్చు. మొదటి అర్థంతో సరిపెట్టుకోకుండా చివరిదాకా చదవండి, పాటకు కావలసింది ఒక్కోసారి మూడో అర్థమో నాలుగోదో అవుతుంది.

ఇక అసలు పని. పేజీ పైన నాలుగు మాటలు రాసుకోండి: ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎందుకు ఇప్పుడే. సినిమా పాట సాధారణంగా ఇలాగే పుడుతుంది. దర్శకుడు సందర్భం చెప్తాడు, సంగీత దర్శకుడు ట్యూన్ ఇస్తాడు, కవి దాని మీద రాస్తాడు. సందర్భాన్ని వదిలేసి పాటను చదివితే కవి చేతిలో ఉన్న మొదటి కాగితాన్ని మనం చూడనట్టే. సినిమా మొత్తం చూడలేకపోతే పాటకు ముందు ఐదు నిమిషాలు, తర్వాత రెండు నిమిషాలు చూడండి. పాట తెర మీద పాత్ర పాడుతోందా, నేపథ్యంలో వస్తోందా అన్నదీ గమనించాలి. 1993లో వచ్చిన ‘మాతృదేవోభవ’లో వేటూరి రాసిన ‘రాలిపోయే పువ్వా నీకు రాగాలెందుకే’ పాటను మగగొంతు పాడుతుంది. చనిపోతున్నది తల్లి. అంటే ఆ ప్రశ్న ఆమె తనను తాను వేసుకున్నది కాదు, ఆమెను చూస్తూ ఏమీ చేయలేని ఎవరో అడుగుతున్నది. ‘ఎందుకే’లోని ఆ చివరి ‘ఏ’ దగ్గరి మనిషి పిలుపు. ఆ అక్షరం తీసేసి ‘ఎందుకు’ అని చదివి చూడండి, జాలి పోయి విచారణ మిగులుతుంది.

ఇలాంటి చిన్న అక్షరాలే తెలుగు పాటలో భావానికి తాళంచెవులు. ‘వస్తాడు’ అంటే సమాచారం. ‘వస్తాడులే’ అంటే ఓదార్పు, లేదా విసుగు. ‘వస్తాడుగా’లో ఎదుటివాళ్ళతో ఒప్పించుకోవడం ఉంది. ‘వస్తాడేమో’లో ఆశా, అనుమానమూ సగం సగం. ‘వస్తాడట’ అన్నప్పుడు మాట్లాడే మనిషి ఆ కబురుకు కొంచెం దూరం జరిగి నిలబడింది. పాట రాసుకున్న కాగితం మీద లే, గా, ఏమో, అట, కదా, మరి అన్నవాటి చుట్టూ సున్నాలు చుట్టండి. నిఘంటువు అక్కర్లేని మాటలని అందరూ వీటినే దాటేస్తారు. అసలు చూడాల్సినవి ఇవే.

పిలుపు కూడా అంతే. పల్లవిలో ‘మీరు’ అన్న పాత్ర చరణంలో ‘నువ్వు’ అందంటే మధ్యలో ఏదో జరిగింది. క్రియల కాలం మారినా అంతే. ‘నేను సైతం’ అని మొదలయ్యే శ్రీశ్రీ కవిత మొదట్లో క్రియలన్నీ భూతకాలంలో నడుస్తాయి, చివరికి వచ్చేసరికి భవిష్యత్తులోకి మారతాయి. చేసినదాన్ని లెక్క చెప్పిన మనిషి చేయబోయేదాన్ని ప్రకటిస్తున్నాడన్నమాట. 2003లో ‘ఠాగూర్’ కోసం సుద్దాల అశోక్‌తేజ అదే ఎత్తుగడతో పాట రాసినప్పుడు ఆ బరువంతా పాటకు ముందే వచ్చేసింది. మీరు చదువుతున్న పాటలో పాత కవిత, కీర్తన, సామెత తాలూకు ముక్క ఏదైనా తగిలితే, దాని మూలం తెరిచి ఆ ముక్కకు ముందూ వెనకా ఏముందో చదవండి.

భావానికి పేరు పెట్టడం దగ్గర చాలామంది తేలిపోతారు. ‘విషాద గీతం’ అన్నది ఒకప్పుడు క్యాసెట్ కంపెనీలు పెట్టుకున్న లేబుల్, భావం పేరు కాదు. బెంగ, దిగులు, నిష్ఠూరం, అలక, ఉక్రోషం, ఎత్తిపొడుపు, పశ్చాత్తాపం, వైరాగ్యం: వీటిలో ఏది? బెంగకు ఎదురుచూసే మనిషి ఉంటాడు, దిగులుకు ఉండాలని లేదు. అలకంటే అవతలివాళ్ళు బుజ్జగిస్తారన్న నమ్మకంతో పడే కోపం. నిష్ఠూరం హక్కు ఉన్నచోటే ఆడతాం, పరాయివాళ్ళ మీద ఫిర్యాదు చేస్తాం. మీరు పెట్టిన పేరుకు పాటలోంచి కనీసం ఒక్క మాటైనా సాక్ష్యంగా చూపించగలగాలి. చూపించలేకపోతే ఆ భావం మీది, పాటది కాదు.

ఇదంతా ఒకే పాట మీద చేసి చూద్దాం. సినిమాలకు రెండున్నర శతాబ్దాలు ముందుదైనా ఇప్పటికీ అందరి నోళ్ళలో నానుతున్న పాట, ‘ఇక్ష్వాకుల తిలక ఇకనైన పలుకవె రామచంద్రా’.

ఎవరు? కంచర్ల గోపన్న, భద్రాచల రామదాసు, 17వ శతాబ్దపు మనిషి, పాల్వంచ పరగణా తహశీల్దారు. సర్కారు సొమ్ముతో గుడి కట్టించాడన్న నేరం మీద సుల్తాను తానీషా కాలంలో గోల్కొండ ఖైదులో ఉన్నాడు. ఎవరితో? రాముడితో. పాటలో ఏముంది? సీతమ్మకు చేయించిన చింతాకు పతకం, భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు. ఒక్కోదానికీ పదివేల మొహరీలో, పదివేల వరహాలో ‘పట్టె’ (అంటే ఖర్చయింది) అని మొత్తం. తాత్పర్యం రాసేవాళ్ళు దీన్ని నగల జాబితాగా చూసి దాటేస్తారు. నేరం ఏమిటో గుర్తుపెట్టుకుని చూడండి: సొమ్ము లెక్క తేలలేదన్నదే ఆరోపణ. ఆ లెక్క సుల్తానుకు కాక రాముడికి అప్పజెప్తున్నాడు. ‘చేయిస్తి’, ‘పట్టె’ అన్నవి భక్తుడి మాటల్లా కాక కచ్చేరీ ఉద్యోగి చిట్టాలా వరసగా పడతాయి. పాట నడక కూడా అందుకే చిట్టా చదివినట్టే ఉంటుంది.

తర్వాత ‘ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు’ అన్న తిట్టు. మీ నాన్న దశరథ మహారాజు పెట్టాడా, మీ మామ జనక మహారాజు పంపాడా అన్న ఎత్తిపొడుపు. ఇంట్లోవాళ్ళు మాత్రమే అడగగలిగే ప్రశ్నలివి. పైకి నింద, లోపల దగ్గరితనం. ఇలా పైకి తిడుతూ లోపల పొగడటాన్నే నిందాస్తుతి అంటారు. దీని భావం కోపమని రాస్తే తప్పు, నిష్ఠూరం. సాక్ష్యం ఏ మాట? ‘మీ మామ’. అత్తింటి ఊసెత్తి దెప్పే చనువు పరాయివాడికి ఉండదు.

అయినా పాట శిఖరం ఆ తిట్టు కాదు, తర్వాత వచ్చే చరణం. తిట్టానని బాధపడకు రామచంద్రా, ఈ దెబ్బలకు ఓర్చుకోలేక ‘అబ్బా’ అని తిట్టాను అంటాడు. ఎవడబ్బ అన్న తిట్టులోని అబ్బే, దెబ్బ తగిలినప్పుడు నోట్లోంచి వచ్చే అబ్బా కూడా. లెక్కలు చెప్పిన గొంతు వెనక ఒళ్ళు నొప్పి ఉందని అక్కడ తెలుస్తుంది. ప్రతి పాదం చివరా వచ్చే ‘రామచంద్రా’ ఒకే పిలుపు. ఒకచోట అది వేడికోలు, ఒకచోట నిలదీత, ఇక్కడ మాత్రం క్షమాపణ. ఇద్దరు ముగ్గురు గాయకులు పాడినవి వరసగా పెట్టుకుని ఆ ఒక్క మాటనే వినండి. కచేరీల్లో, రికార్డుల్లో కొన్ని చరణాలు వదిలేస్తుంటారు, క్రమమూ మారుస్తుంటారు. ఈ క్షమాపణ చరణం వదిలేసిన రికార్డు వింటే పాట వెటకారం దగ్గరే ఆగిపోతుంది. పూర్తి పాఠం ముందు పెట్టుకోమన్నది అందుకే.

మళ్ళీ సినిమా పాటకు వస్తే, ఇక్కడ మాటలన్నిటికీ సమాన బరువు ఉండదు. ట్యూన్ ముందు పుట్టి, ‘తాన తననా’ మీద మాటలు కూర్చేటప్పుడు రెండు మూడు మాత్రలు మిగిలిపోతాయి. అక్కడ చెలియా, ప్రియా, నేస్తమా, ఇలా, మరి వచ్చి కూర్చుంటాయి. పరీక్ష తేలిక: ఆ మాట తీసేసి చదవండి. వాక్యం చెక్కుచెదరకపోతే అది ట్యూన్ కోసం వచ్చిందే కావచ్చు. దాని మీద పేజీలు రాయకండి. పైన చెప్పిన ‘మరి’, ‘లే’లను కూడా ఈ పరీక్షకు పెట్టాలి, కొన్ని నిజంగానే పూరకాలు. బతుకమ్మ పాటల్లో ‘ఉయ్యాలో’ ఇంకో రకం. అది చప్పట్ల అడుగుకు ఆసరా. కథ ఎంత దుఃఖంగా నడిచినా అది అలాగే వస్తుంటుంది. దాన్ని చూసి సంబరం పాట అనుకుంటే పొరపాటు.

పోలికలకు మనకో ఉమ్మడి ఖజానా ఉంది. కలువ చంద్రుణ్ణి చూసి విచ్చుకుంటుంది, తామర సూర్యుణ్ణి చూసి. చకోరం వెన్నెల తాగుతుంది, చాతకం వానచినుకు తప్ప వేరే నీళ్ళు ముట్టదు. మన్మథుడిది చెరకు విల్లు, తుమ్మెదల నారి, ఐదు పూలబాణాలు. ఇవి వచ్చాయంటే కవి గొప్పేమీ కాదు, వాడుకలోవే. చూడాల్సింది వాటిని ఎక్కడ తలకిందులు చేశాడన్నది. వెన్నెల కాలుతోందంటే విరహం, ఇదీ పాతదే. వెన్నెలకు విసుగు పుట్టిందంటే అప్పుడు ఆగి చూడాలి.

బాణీ గురించి కొంచెమే చెప్పుకుందాం, స్వరజ్ఞానం లేకపోయినా పని నడుస్తుంది. మోహన, శివరంజని రాగాలు రెండిటికీ ఐదేసి స్వరాలే, నాలుగు ఒకటే. గాంధారం ఒక్కటి మారుతుంది: మోహనకు అంతర గాంధారం, శివరంజనికి సాధారణ గాంధారం. ఆ ఒక్క మెట్టు దిగడంతోనే వెలుగు పోయి దిగులు వస్తుంది. కానీ రాగం పేరు చూసి భావం రాసేయకండి, సినిమా సంగీతంలో రాగాన్ని కచ్చితంగా పాటించాలన్న నియమం లేదు. అంతకన్నా పనికొచ్చేవి మూడు. చరణంలో గొంతు పైస్థాయికి వెళ్ళినచోట ఏ మాట పడింది? గాయకులు ఊపిరి ఎక్కడ తీసుకున్నారు, మాట మధ్యలోనా, చివరా? రెండో చరణం తర్వాత పల్లవి మళ్ళీ వచ్చినప్పుడు అవే మాటలు కొత్తగా వినిపిస్తున్నాయా? మూడోది తప్పకుండా చూడండి. మంచి పాటలో చరణాలు పల్లవి అర్థాన్ని మార్చి తిరిగి అప్పజెప్తాయి.

మాటలూ బాణీ ఎదురెదురుగా ఉన్నప్పుడు కంగారు పడక్కర్లేదు. హుషారు ట్యూన్ మీద దిగులు మాటలుంటే, పాత్ర ఎవరి ముందో నవ్వు నటిస్తోందేమో చూడండి. ఒకే పల్లవికి సంతోషంగా ఒకటి, విషాదంగా ఒకటి అని రెండు పాటలు ఉండటం మన సినిమాల్లో మామూలే. అవి రెండూ పక్కపక్కన రాసుకుని, మారని మాటల కింద గీత గీయండి. మాట మారకుండా భావం మారిందంటే అక్కడ పని చేసింది సందర్భమూ, నడకా.

డబ్బింగ్ పాటలకు వేరే కొలత ఉండాలి. తెర మీద పెదవులు కలిసినచోట తెలుగులో ప, బ, మ లాంటి అక్షరం పడేలా చూసుకోవాలి, నోరు తెరుచుకున్నచోట ఆ, ఏ పడాలి. కవి ఎంపికలో చాలా భాగం దానికే పోతుంది. వింతగా తగిలిన మాటకు లోతైన అర్థం వెతికేముందు వీడియోలో నటుడి పెదవులు చూడండి.

మాండలికం ఉన్న పాటలో నిఘంటువు మీద పూర్తిగా ఆధారపడొద్దు. తెలంగాణలో ‘పైలం’ అంటే జాగ్రత్త అని నిఘంటువు చెప్తుంది, ఇంటి గడప దగ్గర అమ్మ ఆ మాట ఎలా అంటుందో చెప్పదు. ‘యాది’ జ్ఞాపకమే, కానీ పాటలో దాని బదులు జ్ఞాపకం అని పెట్టి చూడండి, ఊరు మాయమవుతుంది. ఉత్తరాంధ్రలో ‘గుంట’ పిల్ల, మిగతా జిల్లాల్లో గొయ్యి. ఆ ప్రాంతం మనిషిని ఒకరిని పట్టుకుని రెండు ప్రశ్నలు అడగండి: ఈ మాట మీ ఇంట్లో ఎవరు ఎవరితో అంటారు? కోపంలో అంటారా, ముద్దుగా అంటారా? వాళ్ళు చెప్పింది మీరు కాగితం మీద రాసుకున్న ‘ఎవరు, ఎవరితో’కు సరిపోకపోతే, ముందు దిద్దుకోవాల్సింది మీ కాగితాన్నే.