ఎక్కాలు పిల్లలకు గుర్తుండాలంటే

మూడో తరగతి పిల్లవాడు ఏడో ఎక్కాన్ని మొదటి నుంచి చివరి దాకా తడబడకుండా వల్లిస్తాడు గాని, ఉన్నట్టుండి ‘ఏడు ఎనిమిదులు ఎంత?’ అని అడిగితే మళ్లీ ‘ఏడు ఒకట్ల ఏడు’ దగ్గర మొదలుపెడతాడు. అతనికి వచ్చింది వరుస మాత్రమే. వల్లె వేయించడం మానాల్సిన పని లేదు, ఆ లయ మొదట్లో ఉపయోగపడుతుంది. అయితే అక్కడితో ఆపకుండా, వరుస తప్పించి అడిగి చెప్పించాలి.

ముందుగా భారం తగ్గించండి. రెండు నుంచి తొమ్మిది దాకా ఉన్న ఎక్కాల్లో ఆ అంకెలతోనే గుణించే లెక్కలు 64. చింతపిక్కలను ఏడేసి చొప్పున ఎనిమిది వరుసలు పేర్చి, పక్క నుంచి చూస్తే ఎనిమిదేసి చొప్పున ఏడు వరుసలని, అంటే రెండు లెక్కలకూ జవాబు ఒకటేనని చూపిస్తే, నేర్చుకోవలసినవి 36కు దిగుతాయి. రెండో ఎక్కం, ఐదో ఎక్కం త్వరగా పట్టుబడతాయి కనుక వాటిని పక్కన పెడితే మిగిలేవి 21 మాత్రమే.

ఈ 21 లెక్కలను అట్టముక్కల మీద ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు వచ్చేలా పిల్లల చేతే రాయించండి. రోజుకు నాలుగైదు కొత్తవి చాలు. ముక్కలు కలిపి ఒక్కొక్కటే అడిగేటప్పుడు, జవాబు వెంటనే రాకపోతే కాసేపు ఆగండి. అప్పటికీ రాకుంటే ‘ఏడేడులు నలభై తొమ్మిది తెలుసు కదా, ఇంకో ఏడు కలుపు’ అని ఆసరా ఇవ్వండి. తప్పు చెబితే మాత్రం అక్కడే సరిదిద్ది, రెండు మూడు ముక్కల తరువాత అదే మళ్లీ అడగండి.

సరిగ్గా చెప్పినదాన్ని మరునాడు, ఆపై మూడు రోజులకు, తరువాత వారానికి అడగాలి. తప్పినది మళ్లీ మరునాటి కట్టలోకి రావాలి. నేర్చిన కొద్దిసేపట్లోనే మరపు ఎక్కువగా ఉంటుందని జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రకటించాడు. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన పరిశోధనలో, అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారే ముందున్నారు, వారం తరువాత చూస్తే చదివినదాన్ని గుర్తుచేసుకుని రాసినవారు ముందున్నారు. అది కళాశాల విద్యార్థుల మీద జరిగినదే అయినా, తల్లిదండ్రులు మోసపోయేది సరిగ్గా ఇక్కడే: చదివిన వెంటనే అప్పజెప్పించుకుని, వచ్చేసిందనుకుని పుస్తకం మూసేస్తారు.

పూటకు పది నిమిషాలు మించనివ్వవద్దు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర అవసరం కనుక, ఎక్కాల కోసం రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోబెట్టడం నష్టమే. బాగా వచ్చేసిన ముక్కలను కూడా పారేయకుండా నెలకోసారి కట్టలో కలిపి అడుగుతూ ఉండండి.