ఫోన్ మార్చాలా, బ్యాటరీ మారిస్తే చాలా? ఆండ్రాయిడ్, ఐఫోన్ల మధ్య ఊగిసలాడేవారికి సమస్య - పరిష్కారం

మా చుట్టాల్లో ఎవరి ఫోన్ పాడైనా ముందు నాకే ఫోన్ వస్తుంది, చాలాసార్లు ఆ పాడైన ఫోన్ నుంచే. పోయిన దసరాకి మా బావగారు ఖమ్మం నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టారు: "ఈ ఆండ్రాయిడ్‌తో వేగలేకపోతున్నానయ్యా, ఐఫోన్ కొనేస్తా." ఏమైందని అడిగితే మూడు చెప్పారు. మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోతోంది, ఊరికే హ్యాంగ్ అవుతోంది, ముట్టుకుంటే యాడ్లు. పక్కనే ఆయన కూతురు, చేతిలో ఐఫోన్. "నేనైతే ఆండ్రాయిడ్‌కి వెళ్లిపోతా మామయ్యా, ఇది ఎప్పుడు చూసినా స్టోరేజ్ ఫుల్ అంటుంది" అని ఆ పిల్ల గోల. తండ్రి ఖాళీ చేద్దామనుకున్న ఇంట్లోకి కూతురు అద్దెకి దిగుదామనుకుంటోంది.

ఆ పూట ఇద్దరి ఫోన్లూ ముందేసుకుని కూర్చున్నాను. మారిపోతానని వచ్చేవాళ్లలో చాలామందికి జబ్బు ఒకటి, వాళ్లు అడిగే మందు ఇంకొకటి. అందుకే ముందు జబ్బు చూద్దాం.

లక్షణం: ఛార్జింగ్ నిలవట్లేదు

కారణం: బ్యాటరీ చెప్పుల్లాంటిది, ఎవరు చేసినా అరుగుతుంది. ఐఫోన్ 14 వరకు వచ్చిన మోడళ్లలో 500 ఛార్జింగ్ సైకిళ్లు (మొత్తం వంద శాతం ఛార్జింగ్ వాడితే ఒక సైకిల్) పూర్తయ్యేసరికి 80 శాతం సామర్థ్యం మిగలాలన్నది ఆపిల్ చెప్పే లెక్క. ఐఫోన్ 15 నుంచి దాన్ని 1000 సైకిళ్లు చేసింది. రోజుకో సైకిల్ వాడేవాళ్లకి 500 అంటే ఏడాదిన్నర కూడా కాదు. పైగా అరిగిన బ్యాటరీ ఛార్జింగుతో ఆగదు, వేగాన్ని కూడా తినేస్తుంది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు హఠాత్తుగా ఆరిపోకుండా వాటి వేగం తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది. "ఫోన్ ముసలిదైపోయింది" అనుకుని కొత్తది కొన్నవాళ్లలో ఎంతమందికి బ్యాటరీ మారిస్తే సరిపోయేదో!

పరిష్కారం: ఐఫోన్‌లో సెట్టింగ్స్, బ్యాటరీ, అందులో బ్యాటరీ హెల్త్ చూడండి. 80 కంటే కిందికి దిగితే మార్పించండి. శాంసంగ్ అయితే శాంసంగ్ మెంబర్స్ యాప్‌లో పరీక్ష ఉంటుంది, మిగతావాటిలో సెట్టింగ్స్‌లో దొరక్కపోతే సర్వీస్ సెంటరే దారి. హైదరాబాద్ అబిడ్స్ జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల పని చవగ్గా, చకచకా అయిపోతుంది గానీ, ఐఫోన్‌కి బయటి బ్యాటరీ వేస్తే సెట్టింగ్స్‌లో గుర్తుతెలియని భాగం అన్న మాట వచ్చి కూర్చుంటుంది. రేపు అమ్మబోతే కొనేవాడు ముందు చూసేది అదే.

బావగారి మొదటి ఫిర్యాదు ఇక్కడే తీరిపోయింది. ఫోన్ కొని మూడేళ్లు.

లక్షణం: స్టోరేజ్ ఫుల్, హ్యాంగ్

ఇక్కడ రెండు వేర్వేరు స్టోరేజ్‌లు కలగాపులగం అవుతాయి. ఒకటి ఫోన్ లోపలిది. రెండోది ఇంటర్నెట్‌లో కంపెనీ ఇచ్చే అటక. మేనకోడలి ఫోన్‌లో సగం ఖాళీగానే ఉంది. నిండింది ఐక్లౌడ్. ఆపిల్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, గూగుల్ ఇచ్చేది 15 జీబీ. ఆండ్రాయిడ్‌కి వెళితే అటక కాస్త పెద్దదవుతుంది, అంతే. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ ఒకప్పుడు ఆ 15 లెక్కలోకి వచ్చేది కాదు, ఇప్పుడు వస్తుంది. దాంతో ఆ అటక కూడా త్వరగానే నిండుతుంది.

ఫోన్ లోపలిదే నిండితే హ్యాంగ్ మొదలవుతుంది, దోషి ఎవరో మీకు తెలుసు. కాలనీ గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు, వాటిలో రోజూ సూర్యోదయాలూ పూలగుత్తులూ. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్‌కి వెళితే ఏ గ్రూపు ఎంత మేసిందో వరసగా చూపిస్తుంది. పెద్ద వీడియోలు తీసేసి, ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. బావగారి ఫోన్‌లో ఒక్క గ్రూపే 11 జీబీ. ఆయన దాన్ని తెరిచి చూసి ఆర్నెల్లయిందట.

లక్షణం: ముట్టుకుంటే యాడ్లు

కారణం ఆండ్రాయిడ్ కాదు, తక్కువ ధర ఫోన్ల మీద కంపెనీలు పెట్టే లాక్ స్క్రీన్ వార్తలు, సిఫార్సులు. లేదంటే క్రోమ్‌లో ఎప్పుడో "అలౌ" నొక్కిన నోటిఫికేషన్లు. "మీ ఫోన్‌కి వైరస్ వచ్చింది" అని బెదిరించేవి ఎక్కువగా ఈ రెండో రకం. క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లకి వెళ్లి తెలియని సైట్లన్నీ ఆపండి. లాక్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో ఆ వార్తలు, వాల్‌పేపర్లు చూపే సర్వీసు ఆపండి. పది నిమిషాల పని.

మరి నిజంగా మారాల్సింది ఎప్పుడు?

సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. ఏడాది దాటిపోయి, ఇక రావని తేలితే బ్యాంకు యాప్‌లున్న ఫోన్‌గా దాన్ని వాడటం మంచిది కాదు. ఐఫోన్లకి అప్‌డేట్లు ఎక్కువ కాలం వస్తాయన్న పేరు ఊరికే రాలేదు: 2015 నాటి ఐఫోన్ 6ఎస్‌కి 2021లో ఐఫోన్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 15 కూడా వచ్చింది. అయితే "ఆండ్రాయిడ్‌కి రెండేళ్లే" అన్నది పాతమాట. గూగుల్ పిక్సెల్ 8కి, శాంసంగ్ గెలాక్సీ ఎస్24కి ఏడేళ్లు ఇస్తామని ఆ కంపెనీలే ప్రకటించాయి. చవక ఫోన్లకి మాత్రం ఆ మాట వర్తించదు. మోడల్ వారీగా చూసుకోవాల్సిందే.

రెండో నిజమైన కారణం, పని. ఇంట్లో మ్యాక్ (ఆపిల్ కంప్యూటర్) ఉండి రోజంతా ఫైళ్లు అటూ ఇటూ పంపుకునేవాళ్లకి ఐఫోన్ సుఖం వేరు. ప్లే స్టోర్ బయటి నుంచి ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్)గా వచ్చే దుకాణం సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఆండ్రాయిడ్ తప్ప దారి లేదు. చేతికి గెలాక్సీ వాచ్ ఉంటే ఇంకో లెక్క: 4 నుంచి వచ్చినవి ఐఫోన్‌తో కలవవు. ఆపిల్ వాచ్ ఆండ్రాయిడ్‌తో అసలే కలవదు.

కాల్ రికార్డింగ్ కోసం ఆండ్రాయిడ్ వదలని వ్యాపారులు చాలామంది. బావగారు ఆ బాపతే. ఎరువుల కొట్టు, ఫోన్లోనే ఆర్డర్లు. ఐఫోన్‌లోనూ 2024 అక్టోబరులో వచ్చిన ఐఓఎస్ 18.1తో రికార్డింగ్ వచ్చింది, కానీ నొక్కగానే ఇద్దరికీ వినబడేలా చెబుతుంది. గూగుల్ డయలర్ ఉన్న ఆండ్రాయిడ్‌లూ అలాగే చెబుతాయి. "అది చెప్పగానే అవతలివాడు రేటు మాట ఎత్తడయ్యా" అన్నారు బావగారు. ఐఫోన్ ఆలోచన అక్కడితో సగం చచ్చింది. చెప్పకుండా రికార్డ్ చేయడం పద్ధతి కాదని నేనన్నది ఆయన వినిపించుకోలేదు.

బడ్జెట్ 20 వేల లోపైతే ఈ చర్చే అక్కర్లేదు. ఆ ధరకి దొరికే సెకండ్ హ్యాండ్ ఐఫోన్ కంటే కొత్త ఆండ్రాయిడ్ మేలని నా అభిప్రాయం. అయినా మనసు ఊరుకోకపోతే, డబ్బివ్వకముందే సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లో ఏ భాగాలు మార్చారో చూడండి. తర్వాత *#06# నొక్కి ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) తీసుకుని, KYM అన్న మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఖాళీ, ఆ నంబరు రాసి 14422కి మెసేజ్ పంపండి. దొంగ ఫోనని బ్లాక్ అయి ఉంటే తెలిసిపోతుంది.

లక్షణం: ఫోన్ మారాను, వాట్సాప్ చాట్లు రాలేదు

నాకొచ్చే ఫోన్లలో సగం ఇవే. కారణం సులువు: ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ గూగుల్ ఖాతాలోకి వెళుతుంది, ఐఫోన్‌ది ఐక్లౌడ్‌లోకి. దీని తాళం దానికి పట్టదు. బ్యాకప్ పెట్టేశాం కదా అని ధైర్యంగా మారినవాళ్లు ఇక్కడే బోర్లా పడతారు.

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి చాట్లు తెచ్చుకునే దారి 2022లో తెరుచుకుంది, ఆపిల్ వాళ్ల మూవ్ టు ఐఓఎస్ యాప్ ద్వారా. షరతు ఒక్కటే, దాన్నే అందరూ మరిచిపోతారు: ఐఫోన్ కొత్తగా, అంటే డబ్బాలోంచి తీసి మొదటిసారి సెటప్ చేస్తున్నప్పుడే ఈ పని కావాలి. ముందు వారం రోజులు వాడి, తర్వాత "పాత చాట్లు ఎలా తేవాలి" అంటే ఐఫోన్ మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెట్టడమే.

చేసే తీరు ఇది. రెండు ఫోన్లూ ఛార్జింగ్‌లో పెట్టి, ఒకే వైఫైలో ఉంచండి. ఐఫోన్ సెటప్‌లో డేటా తెచ్చుకునే తెర దగ్గర ఆండ్రాయిడ్‌ని ఎంచుకోండి. అది చూపే కోడ్‌ని ఆండ్రాయిడ్‌లోని మూవ్ టు ఐఓఎస్‌లో కొట్టి, వాట్సాప్‌ని టిక్ చేయండి. పూర్తయ్యాక ఐఫోన్‌లో వాట్సాప్ వేసి, అదే నంబరుతో తెరవండి. నంబరు మారిందంటే మొత్తం పోయినట్టే.

మధ్యలో ఆగిపోతే: ఆండ్రాయిడ్ తెర మీద ఆ యాప్ తెరిచే ఉండాలి, మధ్యలో కాల్ ఎత్తినా చెడుతుంది. మొబైల్ డేటా ఆపండి, బ్యాటరీ సేవర్ తీసేయండి. ఆండ్రాయిడ్ "అయిపోయింది" అన్నా ఐఫోన్‌లో గీత నిండేదాకా కదపొద్దు.

ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కైతే కేబుల్ కావాలి. ఐఫోన్ 15 నుంచి రెండు వైపులా టైప్-సి ఉన్నది, అంతకు ముందు వాటికి ఒకవైపు లైట్నింగ్ (పాత ఐఫోన్ల పిన్) ఉన్నది. ఇది కూడా కొత్త ఫోన్ సెటప్ సమయంలోనే.

లక్షణం: యూపీఐ వెరిఫై అవట్లేదు

యూపీఐ యాప్ మీ నంబరు నుంచి బ్యాంకుకి ఒక మెసేజ్ పంపి, ఈ సిమ్ ఈ ఫోన్లోనే ఉందని రుజువు చేస్తుంది. ఐఫోన్‌లో ఏ యాప్ తనంతట తాను మెసేజ్ పంపలేదు. తయారుచేసి చూపిస్తుంది, బాణం నొక్కాల్సింది మీరే. వెనక్కి వచ్చేస్తే వెరిఫై కాదు. రెండు సిమ్‌లుంటే బ్యాంకు నంబరున్న సిమ్ నుంచే వెళ్లాలి. ప్రీపెయిడ్ ప్యాక్ అయిపోయి ఉంటే అసలు వెళ్లదు.

ఇంకో చిక్కు. ఫోన్ మారగానే చాలా బ్యాంకులు మొదటి 24 గంటలు 5000 రూపాయల దాకానే పంపనిస్తాయి, ఐఫోన్ అయితే కొన్నింట్లో 72 గంటలు. సిమ్ కూడా కొత్తది తీసుకుంటే మోసాలు జరగకుండా 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు, ఓటీపీలూ రావు. పెళ్లి వారంలో ఫోన్ మార్చకండి. మండపం వాడికి అడ్వాన్సు కట్టాల్సిన రోజే నా స్నేహితుడొకడు ఈ వలలో పడ్డాడు.

లక్షణం: అమెరికా నుంచి తెచ్చిన ఐఫోన్‌కి సిమ్ పెట్టే చోటే లేదు

పాడు కాలేదు, అలాగే చేశారు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మేవాటికి సిమ్ ట్రే ఉండదు, ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్) మాత్రమే. జియో, ఎయిర్‌టెల్, వీఐ ఈ-సిమ్ ఇస్తాయి కాబట్టి పని నడుస్తుంది. అయితే వెంటనే ఇంకో ఫోన్‌లోకి సిమ్ తీసి వేసుకునే అలవాటున్న పెద్దవాళ్లకి అది ఇవ్వకండి. అబ్బాయి డల్లాస్ నుంచి ప్రేమగా తెచ్చింది బీరువాలో పడి ఉంటుంది.

చిన్న చిన్నవి

తెలుగు టైపింగ్ కోసం భయం అక్కర్లేదు. రెండింట్లోనూ జీబోర్డ్ ఉంది, ఐఓఎస్ 18 నుంచి ఆపిల్ సొంత కీబోర్డూ మెరుగైంది. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా"ని ఒక రకంగా కూర్చితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. మన అక్షరం ప్రపంచ వార్తల్లోకెక్కిన రోజులవి, ఇప్పటికీ తలచుకుంటే నాకు నవ్వొస్తుంది.

దరఖాస్తుల్లో ఫొటో అప్‌లోడ్ కాకపోతే కారణం ఐఫోన్ వాడే హెచ్ఈఐసీ ఫార్మాట్. సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లో మోస్ట్ కంపాటిబుల్ పెడితే ఇకపై తీసేవి జేపీజీగా వస్తాయి.

ఐఫోన్ వదిలేశాక అమెరికాలో ఉన్నవాళ్ల మెసేజ్‌లు రావడం ఆగితే, మీ నంబరు ఇంకా ఆపిల్ సొంత మెసేజ్ సర్వీసు ఐమెసేజ్‌లో ఇరుక్కుని ఉన్నట్టు. సిమ్ తీసేముందే ఐమెసేజ్, ఫేస్‌టైమ్ ఆపాలి. ఫోన్ చేతిలో లేకపోతే ఆపిల్ వెబ్‌సైట్‌లో నంబరు ఇచ్చి, వచ్చిన కోడ్ కొట్టి విడిపించుకోవచ్చు.

పాత ఫోన్ ఇచ్చేముందు

కనీసం రెండు వారాలు ఉంచుకోండి. లాగిన్ కోసం ఆథెంటికేటర్ యాప్ ఇచ్చే కోడ్‌లు, కంపెనీ మెయిల్, ఎప్పుడో ఏ ఫోన్లోనో ఉండిపోయిన కాంటాక్టులు అప్పుడే గుర్తొస్తాయి. తర్వాత ఐఫోన్‌లో ఫైండ్ మై (పోయిన ఫోన్ వెతికే సౌకర్యం) ఆపి ఆపిల్ ఖాతా నుంచి, ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఖాతా నుంచి బయటికి వచ్చి, అప్పుడు రీసెట్ చేయండి. ఈ వరస తిరగబడితే కొన్నవాడు రాత్రి పదికి ఫోన్ చేసి మీ పాస్‌వర్డ్ అడుగుతాడు. రీసెట్ అయ్యాక మళ్లీ ఆన్ చేసి కొంతదూరం సెటప్ చేసి చూడండి. పాత ఖాతా పేరెత్తకుండా కొత్తవాళ్లని పలకరించినట్టు సాగితే ఇచ్చేయొచ్చు. మీ మెయిల్ ఐడీలో రెండక్షరాలు చుక్కల మధ్య కనిపించాయంటే అది ఇంకా మీదే.