అంబాసిడర్ డోర్‌కి తుప్పు: ఇంట్లోనే టింకరింగ్

కళింగపట్నంలో మా ఇంటికి ఉప్పుగాలి ఎప్పుడూ తగులుతూనే ఉంటుంది. నాన్నగారి 1984 అంబాసిడర్ డోర్ల అడుగున రంగు పొక్కులు లేచాయి.

ముందు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. రేకు గట్టిగా ఉంటే వైర్ బ్రష్, 80 నంబర్ ఎమ్రీ పేపర్ చాలు. మెత్తగా దిగిపోతే లప్పం పెట్టి కప్పేయకండి. మొదటిసారి నేను అదే చేశాను, ఒక్క వానాకాలానికే అట్టు ఊడినట్టు ఊడొచ్చింది. లప్పం తేమ పీలుస్తుంది, దాని వెనక తుప్పు తన పని తాను చేసుకుపోతుంది.

మెత్తబడిన భాగాన్ని, మెరిసే రేకు కనిపించేదాకా గ్రైండర్‌తో కోసేయాలి. కళ్లద్దాలు తప్పనిసరి. ఆ కన్నానికి అట్టముక్కతో కొలత తీసి, 20 గేజ్ (సుమారు 0.9 మిల్లీమీటర్ల మందం) రేకు కత్తిరించండి. బ్యాటరీ తీగ విప్పి, డోర్ లోపలి అట్ట, అద్దం తీసేశాకే వెల్డింగ్. మిగ్ మిషన్ (రాడ్ బదులు సన్న తీగతో అతికే వెల్డింగ్ మిషన్) అద్దెకు తెచ్చుకోండి. రాడ్ వెల్డింగ్ చేస్తే ఇంత పల్చటి రేకుకి కన్నాలు పడతాయి. వెల్డింగ్ చుక్క ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి పెట్టాలి. వరసగా లాగితే వేడికి రేకు అప్పడంలా వంకరపోతుంది. నాకు ఒక్క డోర్‌కే రెండు ఆదివారాలు పట్టింది.

అతుకు నునుపు చేసి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ (రేకుకి తేమ తగలనివ్వని అడుగు పూత) కొట్టండి, లోపలివైపు కూడా. ఆపైన లప్పం 3 మిల్లీమీటర్లు దాటొద్దు. ముసురు రోజున రంగు జోలికి పోకండి.

డోర్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలు పుల్లతో పొడిచి చూడండి. మా డోర్‌లో వాటి నిండా ఇసుకే.