కిడ్నీ రాళ్ల ఆపరేషన్: నడుముకు మత్తయినా, పూర్తి మత్తయినా కడుపు ఖాళీగా ఉండాల్సిందే

ఎండలు ముదిరే కొద్దీ కిడ్నీ రాళ్ల కేసులు పెరుగుతాయి. ఆపరేషన్ బల్ల మీద ఉండగా వాంతి ఊపిరితిత్తుల్లోకి దిగి, రోగి వెంటిలేటర్ దాకా వెళ్లాడని వార్త వస్తే అందరూ అడిగేది ఒకటే: మత్తు ఎక్కువిచ్చారా? ముందు అడగాల్సింది, పొద్దున కడుపులో ఏం పడింది అని.

పూర్తి మత్తయితే పస్తుండాలి, నడుముకు ఇంజెక్షనయితే అక్కర్లేదు. జనంలో ఉన్న ఈ లెక్కే కొంప ముంచేది. నడుము దగ్గర వెన్నులో ఇచ్చే మత్తుమందు బుపివకైన్ సుమారు 3 మిల్లీలీటర్లు. రెండు మూడు గంటలకు దాని పట్టు వదులుతుంది. రాయి గట్టిదై పని సాగినా, రక్తం ఎక్కువ పోయినా, మత్తు చాలినంత పైకి ఎక్కకపోయినా అప్పటికప్పుడు నిద్రపుచ్చి గొంతులో ట్యూబు వేయాలి. వీపు నుంచి చిన్న రంధ్రం చేసి కిడ్నీలో రాయి తీసే పీసీఎన్‌ఎల్‌కి చాలాచోట్ల బోర్లా పడుకోబెడతారు. అంటే ముందు మనిషిని వెల్లకిలా తిప్పాలి, అదీ వీపులో గొట్టం ఉండగానే. కడుపులో కాఫీ ఉన్నవాడికి ప్రాణం మీదికొచ్చేది అప్పుడే.

రాళ్లున్నవాళ్లకు ఇంకో చిక్కుంది. నెలల తరబడి “నీళ్లు బాగా తాగు” అని చెప్పించుకుని ఉంటారు. ఆ అలవాటుకొద్దీ ఆపరేషన్ రోజు పొద్దున కూడా బార్లీ నీళ్లు, అరటి దూట రసం, కొండపిండాకు కషాయం పట్టించేస్తారు ఇంట్లోవాళ్లు. ఆ రోజు అవేవీ వద్దు. ఇడ్లీ, పాలు, కాఫీ, మజ్జిగ 6 గంటల ముందే ఆపాలి. పూరీ, వేపుడు, మాంసం అయితే 8 గంటలు. వట్టి మంచినీళ్లు 2 గంటల ముందు వరకు ఫరవాలేదు, మత్తు డాక్టరు వద్దంటే తప్ప. చెంచాడు పాలు పడినా ఆ కాఫీ నీళ్ల లెక్కలోకి రాదు.

ఇక ఏ మత్తు అన్నది. మూత్రనాళం కింది భాగంలో రాయికి, మూత్రం వచ్చే దారిలోంచి సన్నటి స్కోపు పంపి చేసే యూఆర్‌ఎస్‌కి వెన్ను మత్తు సరిపోతుంది. ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు చాలాసార్లు అదే నయం. అదే దారిలో వంగే స్కోపును కిడ్నీ దాకా పంపి లేజర్‌తో రాయి పగలగొట్టే ఆర్‌ఐఆర్‌ఎస్‌ సంగతి వేరు. ఊపిరితో పాటు కిడ్నీ కదులుతుంటే రాయి లేజర్‌కి నిలవదు. పూర్తి మత్తులో ఊపిరి మిషన్ అదుపులో ఉంటుంది కాబట్టి ఎక్కువమంది దానికే మొగ్గుతారు. పక్కటెముకల మధ్య నుంచి రంధ్రం చేయాల్సిన పీసీఎన్‌ఎల్‌కీ అంతే. బావమరిదికి నడుముకే ఇచ్చారన్నది మీకూ అదే కావాలనడానికి కారణం కాదు. వెన్నుకు సూది పడితే జన్మంతా నడుంనొప్పి అన్న భయమూ అక్కర్లేదు. కొన్నాళ్లు తలనొప్పి రావచ్చు, సన్నసూదులతో అదీ తగ్గింది.

రక్తం పలచబడే మాత్రలు వాడుతూ దాచిపెడితే, వెన్నులో సూది పడ్డ చోట రక్తం కారి, గడ్డలా పేరుకుని నరాలను నొక్కి కాళ్లు చచ్చుబడవచ్చు. క్లోపిడోగ్రెల్ అయితే 5 నుంచి 7 రోజుల ముందు ఆపాలి. కానీ సొంతంగా ఆపకండి. గుండెలో స్టెంటుంటే గుండె డాక్టరు చెప్పాకే.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ షుగర్ మాత్రలు 3 రోజుల ముందు ఆపాలి, ఆ రోజుల్లో షుగర్‌కి ఏం వాడాలో డాక్టరును అడిగి. షుగర్‌కో, బరువు తగ్గడానికో వారానికోసారి సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ వేసుకుంటుంటే తప్పక చెప్పాలి, దానితో కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది. బీపీ మాత్రల్లో ఆ పొద్దున ఏది వేసుకోవాలో రాయించుకోండి. నడుముకు రాడ్లు వేయించుకుని ఉంటే ఎక్స్‌రే తెచ్చుకోండి. కదిలే పన్ను ఉంటే చెప్పండి. కట్టుడు పళ్లు తీసేయండి. సిగరెట్ ఇవాళే మానండి. చలిజ్వరం వస్తే ఆపరేషన్ తేదీ దాకా ఆగొద్దు, ఆ పూటే ఆస్పత్రికి వెళ్లండి: రాయి అడ్డుపడి చీము పట్టి ఉంటే ముందు మూత్రనాళంలో స్టెంటో, వీపు నుంచి గొట్టమో వేసి మూత్రం దించుతారు, రాయి సంగతి తర్వాత. ఫ్లాస్కు ఇంట్లోనే వదిలి రండి. నడుముకే అన్నా సరే, కాఫీ వద్దు. టీ వద్దు. “సగం కప్పే” వద్దు.

పొరపాటున తాగేస్తే దాచకండి, లోపలికి తీసుకెళ్లకముందే చెప్పండి. ఆపరేషన్ మధ్యాహ్నానికి జరుపుతారు, అంతే.